లేఖల వెనుక మనుషులు

పాఠ్యభాగ పరిచయం

కవుల కావ్యాలను చదివినంత ఆసక్తితో వారి లేఖలను కూడ చదవడం ఆధునిక కాలంలో పెరిగిన అలవాటు. లేఖ ఒక వ్యక్తి మరొక వ్యక్తి కోసం మాత్రమే వ్రాసుకొన్నది. నాటకం పదిమంది ఎదుట ప్రదర్శించేది. మొదటిదాని నుండి రెండవదానిని రూపొందించేటప్పుడు రచయితకు ఎదురయ్యే చిక్కులేమిటో, ఆ ప్రయత్నంలో ఎవరికి న్యాయం జరుగుతుందో, ఎవరికి అన్యాయం జరుగుతుందో ఈ వ్యాసం చర్చిస్తుంది. రచయిత ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలో తెలుగు అధ్యాపకునిగా పనిచేశారు.

పాఠ్యభాగం

నేను పామూరులో తెలుగు బోధిస్తున్న రోజులలో ఒక సంవత్సరం కళాశాల వార్షికోత్సవానికి నాటిక కావలసివచ్చింది. అంతకుముందు ఏటేటా ఆడుతూ వచ్చిన హాస్యనాటికల మీద విద్యార్థులకు విసుగు పుట్టింది. "ఈసారి ఒక కవి ప్రేమకథ ఆడదాం సార్" అన్నారు. ఆ కవి ఎవరని అడిగాను. కాసేపు ఎవరూ మాటలాడలేదు. చివరకు ఒక విద్యార్థి, "మనకు దగ్గరివారే ఉన్నారు కదా సార్, పొదిలి నాయని సుబ్బారావు గారు" అన్నాడు.

ఆ సమాధానం నాకు సంతోషం కలిగించింది. పామూరు నుండి కనిగిరి మీదుగా బస్సులో వెళితే పొదిలి ఏమంత దూరం కాదు. ఈ ఊళ్లను ప్రకాశం జిల్లా ఊళ్లుగా చెప్పుకొంటూ వచ్చాం కాని, 1970లో ఆ జిల్లా ఏర్పడేదాకా ఇవన్నీ నెల్లూరు జిల్లాలోనివే. ఆ మెట్టనేలలో 1899లో పుట్టిన నాయని సుబ్బారావు భావకవిత్వోద్యమంలో ఎన్నదగిన కవి. తన జీవితంలోని ప్రణయాన్నే ఆయన 'సౌభద్రుని ప్రణయయాత్ర' అనే కావ్యంగా మలిచారు.

ఆ పేరును ఒకసారి నిదానంగా పరిశీలించండి. సౌభద్రుడు అంటే సుభద్ర కుమారుడైన అభిమన్యుడు. ఆ కావ్యంలో కవి తన ప్రియురాలిని వత్సల అని పిలుచుకొన్నాడు. వత్సల అంటే మనవారు ముద్దుగా శశిరేఖ అని పిలిచే బలరాముని కుమార్తె. వ్యాసభారతంలో లేని ఈ కథ తెలుగువారికి ప్రాణప్రదమైనది. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడని ఇల్లు మన ప్రాంతంలో ఉన్నదా? మేనమామ మొదట మాట ఇచ్చాడు. మేనల్లుని ఇంటివారు రాజ్యం పోగొట్టుకొని అడవుల పాలైన తరువాత ఆ మాట తప్పాడు. కూతురిని కలిగినవారి ఇంటికి ఇవ్వబోయాడు. కవి తన కథకు ఈ పేర్లు పెట్టుకోవడంలోనే సగం సంగతి చెప్పేశాడు. ఇది మేనరికపు ప్రేమ. పెద్దలు అడ్డుపడిన ప్రేమ. మిగిలిన సగాన్ని పురాణపు తెర వెనుక ప్రచ్ఛన్నంగా ఉంచాడు.

విద్యార్థులు కావ్యాన్ని సంపాదించి చదవడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి చిక్కు వచ్చింది. నాయిక వేషం వేయవలసిన అమ్మాయి వచ్చి, "సార్, ఇందులో మాటలన్నీ ఆయనవే. వత్సల ఏమనుకొన్నదో ఎక్కడుంది? నేను స్టేజీ మీద ఏం మాట్లాడాలి?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కావ్యం ఎంత ఆత్మీయమైనదైనా ఒక గొంతు మాత్రమే. కవి తన వేదనను చెప్పుకొంటాడు. ప్రియురాలి మౌనాన్ని కూడ తానే వర్ణిస్తాడు. ఆమె మాట మనకు వినిపించాలంటే ఆమె వ్రాసిన లేఖలు కావాలి. అటువంటి లేఖలు, ఇరువైపులవీ, దాదాపు ఒక్కటీ పోకుండా దొరికిన కవుల ప్రేమకథ ఒకటి ఉన్నదని, దాని నుండి ఒక సుప్రసిద్ధ నాటకం పుట్టిందని చెప్పి, మరునాడు ఆ కథను వారికి వినిపించాను. ఇంగ్లీషు కవుల కథ కావడం వల్ల మొదట కొందరు పెదవి విరిచారు. పూర్తయ్యేసరికి అందరూ ముందు బెంచీలలోకి వచ్చి కూర్చున్నారు.

దానికి ముందు ఒక్క మాట. ప్రేమలేఖ మన సాహిత్యానికి కొత్తది కాదు. భాగవతంలో రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుని ద్వారా శ్రీకృష్ణునికి సందేశం పంపింది. అన్న చేసిన నిర్ణయాన్ని కాదని ఒక ఆడపిల్ల తన మనస్సును తానే తెలుపుకొన్న ఘట్టమది. కాళిదాసు శకుంతల తామరాకు మీద గోటితో లేఖ వ్రాసింది. వ్రాసి, సరిగా ఉన్నదో లేదో చెప్పమని చెలికత్తెలకు చదివి వినిపించింది. పొదల చాటున వింటున్న దుష్యంతుడు ఆగలేక ముందుకు వచ్చాడు. ఆ లేఖ పంపవలసిన అవసరమే లేకపోయింది. నాటకకర్తలు గమనించవలసిన కిటుకు ఇక్కడ ఉన్నది. రంగస్థలం మీద ఒకరు కూర్చుని ఉత్తరం చదువుతూ ఉంటే ప్రేక్షకుడు ఆవులిస్తాడు. ఆ ఉత్తరం వినకూడనివారి చెవిన పడినప్పుడో, చేరవలసినవారికి చేరనప్పుడో నాటకం పుడుతుంది. కాళిదాసుకు ఈ విషయం ఎవరూ నేర్పవలసిన పని లేకపోయింది.

ఇక ఆ ఇంగ్లీషు కవుల సంగతి. 1845వ సంవత్సరం జనవరి 10వ తేదీన రాబర్ట్ బ్రౌనింగ్ అనే కవి, తాను ఎన్నడూ చూడని ఎలిజబెత్ బారెట్ అనే కవయిత్రికి లేఖ వ్రాశాడు. అంతకుముందు సంవత్సరం ఆమె ప్రకటించిన కవితాసంపుటిలో ఒకచోట ఆయన కవిత్వం ప్రస్తావనకు వచ్చింది. ఆ లేఖలో ఆయన ఆమె కవితలను మెచ్చుకొని, కవితలతోపాటు ఆమెను కూడ ప్రేమిస్తున్నానని వ్రాసేశాడు! అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలు. పేరు ఇంకా అంతగా రాలేదు. ఆమెకు 38 సంవత్సరాలు దాటాయి. పేరు దేశమంతటా వ్యాపించింది. చాలాకాలంగా అనారోగ్యంతో లండన్‌లోని వింపోల్ వీధిలో 50వ నంబరు ఇంట్లో మేడ మీది గదికి పరిమితమై ఉన్నది. ఆమెకు ఎంతో ప్రియమైన సోదరుడు 1840లో సముద్రంలో మునిగి మరణించిన తరువాత ఆమె మనస్సు మరింత కుంగిపోయింది. ఫ్లష్ అనే ఒక చిన్న కుక్క ఆ గదిలో ఆమెకు తోడు.

ఈ ప్రేమకు అడ్డు తండ్రి. ఆయన పేరు ఎడ్వర్డ్ మౌల్టన్ బారెట్. జమైకా ద్వీపంలోని చెరకు తోటల మీద ఆ కుటుంబానికి సంపద వచ్చింది. ఆ తోటలలో పనిచేసినవారు బానిసలు. ఆయనకు కలిగిన పన్నెండుమంది పిల్లలలో పెరిగి పెద్దవారైన ఏ ఒక్కరి వివాహానికీ ఆయన సమ్మతించలేదు. కొడుకులు, కూతుళ్లు అనే భేదం ఈ ఆంక్షలో లేదు. ఆయన మాట మీరి ముగ్గురు పెళ్లి చేసుకొన్నారు. ఆ ముగ్గురికీ వారసత్వం లేకుండా చేశాడు.

ఇరవై నెలల కాలంలో ఆ ఇద్దరి మధ్య నడిచిన లేఖలలో 573 నేటికీ ఉన్నాయి. లండన్‌లో అప్పుడు తపాలా రోజుకు అనేక పర్యాయాలు వచ్చేది కనుక పొద్దున వ్రాసిన లేఖకు సాయంకాలానికే జవాబు అందేది. రాబర్ట్ ఆమె లేఖల కవర్ల మీద తాము కలుసుకొన్న ప్రతి తేదీని, ఎంతసేపు మాట్లాడుకొన్నారో ఆ సమయాన్ని లెక్క తప్పకుండా గుర్తుపెట్టుకొన్నాడు. పెళ్లినాటి కలయికతో ఆ లెక్క 91కి చేరింది. కవి అనేవాడు లెక్కలలో అజాగ్రత్తగా ఉంటాడనే నమ్మకం ఉన్నవారు ఈ కవర్లను చూడాలి.

1846 సెప్టెంబరులో ఇంటికి మరమ్మతులు చేయించడం కోసం కుటుంబాన్నంతా కొంతకాలం పల్లెకు తరలించాలని తండ్రి నిర్ణయించాడు. ఇక ఆలస్యం చేయడానికి వీలులేకపోయింది. సెప్టెంబరు 12న సెయింట్ మేరిలబోన్ చర్చిలో వారి వివాహం రహస్యంగా జరిగింది. వధువు మళ్లీ తండ్రి ఇంటికే వెళ్లింది. ఏమీ జరగనట్లే ఒక వారం రోజులు ఆ ఇంట్లో మెలిగింది. 19వ తేదీన పనిమనిషి విల్సన్‌ను, ఫ్లష్‌ను వెంటబెట్టుకొని భర్తతో ఇటలీకి బయలుదేరింది. మన విద్యార్థులు ఈ వారం రోజుల గురించి ఎక్కువగా ప్రశ్నలు వేశారు. పెళ్లయిన పిల్ల తండ్రితో కలసి భోజనం చేస్తూ, రాత్రి తలుపు గడియ వేసుకొన్నప్పుడు ఏమనుకొని ఉంటుంది? ఆ రోజులలోనూ వారి మధ్య లేఖలు నడిచాయి. నాటకరచయితకు ఇంతకంటె గొప్ప సామగ్రి ఏముంటుంది?

అయితే ఆ లేఖలలో ఒకటి లేదు. ఆ లేని లేఖ కథకు ఆయువుపట్టు. వారిద్దరూ తొలిసారి 1845 మే 20న కలుసుకొన్నారు. ఇంటికి వెళ్లిన వెంటనే రాబర్ట్ తన ప్రేమను తెలుపుతూ ఒక లేఖ వ్రాశాడు. ఆమె భయపడింది. ఇటువంటి మాటలు మళ్లీ ఎత్తితే ఇక కలుసుకోవడం కుదరదని జవాబిచ్చింది. ఆయన కంగారుపడి, తన మాటలను ఆమె వేరే విధంగా అర్థం చేసుకొన్నదని సర్దిచెప్పి, ఆ లేఖను తిరిగి ఇమ్మన్నాడు. ఆమె ఇచ్చింది. ఆయన కాల్చివేశాడు. ఆమె జవాబు మాత్రం మిగిలింది. బావిలో పడిన రాయి కనిపించదు, లేచిన అలలే కనిపిస్తాయి. ఆ అలలను చూసి రాయి ఎంతటిదో ఊహించడమే నాటకకర్త పని.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లేఖలో ఉన్న వాక్యాన్ని తీసి పాత్ర నోట పెడితే సంభాషణ అయిపోతుందని చాలామంది కొత్త రచయితలు భావిస్తారు. అది పొరపాటు. మనిషి ఎదురుగా చెప్పలేని మాటను లేఖలో వ్రాస్తాడు. ఎదురుగా చెప్పగలిగితే వ్రాయడెందుకు? అందువల్ల లేఖలో ధైర్యంగా పలికిన వ్యక్తి ఆ గదిలోకి అడుగుపెట్టేసరికి తడబడవచ్చు, మాట మార్చవచ్చు, కుక్కను నిమురుతూ వాతావరణం గురించి మాట్లాడవచ్చు. లేఖలోని మాటకూ నోటి మాటకూ మధ్యనున్న ఈ వ్యత్యాసాన్ని పట్టుకొన్నవాడు నాటకం వ్రాయగలడు. తక్కినవారు ఉత్తరాలను బట్టీపట్టించగలరు.

రాబర్ట్ బ్రౌనింగ్ తన జీవితం చివరి రోజులలో తనకు సంబంధించిన చాలా లేఖలను తగులబెట్టాడు. భార్యతో జరిపిన లేఖలను మాత్రం కాల్చలేకపోయాడు. వాటిని ఒక పెట్టెలో భద్రపరిచి కుమారునికి విడిచిపెట్టాడు. 1889లో ఆయన మరణించాడు. కుమారుడు పదేళ్లు ఆలోచించి 1899లో వాటిని రెండు సంపుటాలుగా ప్రకటించాడు. తల్లిదండ్రుల ప్రేమలేఖలను కన్నకొడుకు అచ్చువేయడం సబబేనా అని అప్పుడూ చర్చ జరిగింది. మా తరగతిలోనూ జరిగింది. "మా అమ్మానాన్నల ఉత్తరాలు నాకు దొరికితే నేను చదవను సార్" అని ఒక అబ్బాయి ఖండితంగా చెప్పాడు. "నేను చదువుతాను, అచ్చు వేయను" అని మరొకరు అన్నారు. న్యాయశాస్త్రం ఈ విషయంలో ఒక స్పష్టమైన భేదం పాటిస్తుంది. ఉత్తరం అందుకొన్నవారికి ఆ కాగితం సొంతం. అందులోని మాటల మీద హక్కు వ్రాసినవారిది, వారి తరువాత వారి వారసులది. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం కింద కూడ లేఖ ఒక సాహిత్య రచనయే. పాత పెట్టెలో దొరికినంత మాత్రాన ఇతరుల ఉత్తరాలను ప్రదర్శించే హక్కు మనకు సంక్రమించదు.

రుడాల్ఫ్ బెసియర్ అనే రచయిత ఈ కథను 'ది బారెట్స్ ఆఫ్ వింపోల్ స్ట్రీట్' అనే నాటకంగా వ్రాశాడు. 1930 ఆగస్టులో ఇంగ్లండులోని మాల్వెర్న్ ఉత్సవాలలో అది తొలిసారి ప్రదర్శితమైంది. 1931లో న్యూయార్కు నగరంలో కేథరిన్ కార్నెల్ అనే నటి ఎలిజబెత్ పాత్ర ధరించి ప్రేక్షకులను మెప్పించింది. 1934లోనూ, 1957లోనూ అదే కథ చలనచిత్రమైంది. ఆ లేఖల మూలప్రతులు అమెరికాలోని వెల్లెస్లీ కళాశాలకు చేరింది కూడ 1930లోనే. ఆ ఇంటి తలుపు సైతం అక్కడికే చేరింది. ఉత్తరాలు పడిన తలుపు అది!

బెసియర్ చేసిన మంచి పని ఏమిటంటే, ఐదు అంకాల నాటకాన్నీ ఎలిజబెత్ గదిలోనే నడిపించాడు. లండన్ వీధులు లేవు, చర్చి లేదు, పెళ్లి తంతు లేదు. తెర లేచినది మొదలు చివరి వరకు ఆ నాలుగు గోడలే. ఇరవై నెలలలో వందల లేఖలు చేసిన పనిని ఆ ఒక్క గది చేసింది. నిర్బంధం అంటే ఏమిటో ప్రేక్షకునికి ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం లేకపోయింది. ఖర్చు తక్కువలో నాటిక వేయవలసిన మన కళాశాలలకు ఇది పనికివచ్చే పాఠం కూడ.

ఇక ఆయన చేసిన రెండవ పని గురించి నాకు సందేహాలున్నాయి. నాటకానికి ప్రతినాయకుడు కావాలి. తండ్రి సిద్ధంగా దొరికాడు. నాటకంలోని తండ్రి ఇష్టంలేని కూతురి చేత వైద్యం పేరుతో చేదు పానీయం తాగిస్తాడు. చివరి అంకంలో కూతురు వెళ్లిపోయిన సంగతి తెలిసిన తరువాత, కసి తీర్చుకోవడానికి ఆమె కుక్కను చంపించబోతాడు. కుక్క కూడ ఆమె వెంట వెళ్లిపోయిందని రెండవ కూతురు చెప్పడంతో తెర పడుతుంది. ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. ఘట్టం అద్భుతమైనదే. కాని అది జరిగినది కాదు, బెసియర్ కల్పించినది. అంతటితో ఆగక, ఆ తండ్రికి కూతురిపై ఉన్న మమకారంలో ఒక వికృతమైన ఛాయ ఉన్నట్లు కూడ నాటకం సూచించింది. ఆ కుటుంబపు వారసులు దానికి నొచ్చుకొని అభ్యంతరం తెలిపారు.

ఆ తండ్రి పక్షం మనకు అంతగా వినిపించదు. ప్రేమికులకు 573 లేఖలున్నాయి. వారి బాధ, భయం, ఆశ మనకు తెలుసు. ఆయన మనస్సు తెలిపే లేఖలు ఆ పెట్టెలో లేవు. ఎలిజబెత్ పద్నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వ్రాసిన ఒక దీర్ఘకావ్యాన్ని 1820లో ఆయనే సొంత ఖర్చుతో 50 ప్రతులు అచ్చువేయించాడు. ఆడపిల్లకు చదువెందుకనే కాలంలో కూతురి చేతిలో అచ్చయిన పుస్తకాన్ని ఉంచిన తండ్రి అతడే. పాతికేళ్ల తరువాత ఆ పిల్ల జీవితానికి సంకెల అయినదీ అతడే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో చూపించి ఉంటే నాటకం మరింత గొప్పదయ్యేదని నేను అనుకొంటాను. బెసియర్ 50 ప్రతులను వదలి కుక్కను ఎన్నుకొన్నాడు. ఆ కుక్క సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. వర్జీనియా వుల్ఫ్ అనే రచయిత్రి అవే లేఖలను ఆధారం చేసుకొని 1933లో ఫ్లష్ జీవితచరిత్రనే వ్రాసింది. కుక్కకు కూడ ఒక రచయిత్రి దొరికింది. తండ్రికి దొరకలేదు.

తండ్రి క్రూరుడు కాడని నేను వాదించడం లేదు. పెళ్లయిన తరువాత ఎలిజబెత్ ఆయనకు ఇటలీ నుండి ఉత్తరాలు వ్రాస్తూనే ఉన్నది. జవాబు రాలేదు. 1851లో ఆమె భర్తతో, బిడ్డతో లండన్ వచ్చినప్పుడు రాబర్ట్ మామగారికి ఒక లేఖ వ్రాశాడు. కఠినమైన సమాధానం వచ్చింది. దానితోపాటు ఒక కట్ట వచ్చింది. అయిదేళ్లుగా కూతురు వ్రాసిన ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కదాని లక్కముద్ర కూడ విప్పలేదు. వాటిలో కొన్నింటికి నల్ల లక్క వేసి ఉన్నది. నల్ల లక్క అంటే ఆ దేశంలో మరణవార్తకు గుర్తు. తన బిడ్డ చనిపోయిందేమోనన్న శంక కూడ ఆయన చేత ఆ ముద్ర విప్పించలేకపోయింది. 1857లో ఆయన కన్నుమూశాడు.

నేను ఇది చెప్పినప్పుడు తరగతిలో నిశ్శబ్దం ఆవరించింది. విప్పని ఉత్తరాలను అయిదేళ్లు ఎందుకు దాచినట్లు? ద్వేషమే అయితే మొదటిదానినే పొయ్యిలో వేయవచ్చు. తపాలావానికి తిరిగి ఇచ్చివేయవచ్చు. దాచడంలో ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానం ఏ లేఖలోనూ దొరకదు. నాటకకర్త ఇక్కడ ఊహించవచ్చు. అయితే తాను ఊహిస్తున్నానని ప్రేక్షకునికి తెలిసేలా ఊహించాలి. దొరికిన లేఖకు ఉన్న ప్రామాణ్యాన్ని తన కల్పనకు అరువు తెచ్చుకోకూడదు.

ఈ కథ విన్న తరువాత మా నాటిక మారిపోయింది. నాయని వారి ఇంటి కథను పట్టుకొని, ఆ పెద్దలకు మేము పేర్లు పెట్టి, వారు అనని మాటలను వారి నోట పలికించడం తగదని విద్యార్థులే అన్నారు. కవి తానే పురాణపు ముసుగు వేసుకొన్నాడు; దానిని లాగివేసే హక్కు మనకు ఎవరిచ్చారు? కనుక నాటికలో పాత్రలు సౌభద్రుడు, వత్సల, బలరాముడు మాత్రమే. కావ్యంలోని పద్యాలను సంభాషణలుగా ముక్కలు చేయలేదు. వత్సల వేషం వేసిన అమ్మాయి తన మాటలను తానే వ్రాసుకొన్నది. తెర లేవగానే ముందుకు వచ్చి, "వత్సల లేఖలు మాకు దొరకలేదు. ఇవి నేను అనుకొన్న మాటలు" అని చెప్పి పాత్రలోకి వెళ్లింది. ఆ ఒక్క వాక్యం ఎందుకు, రసభంగం అవుతుందని కొందరు అధ్యాపకులు సలహా ఇచ్చారు. ఆమె వినలేదు. ఆమె చేసిన పని సరియైనదని నేను అప్పుడూ అనుకొన్నాను, ఇప్పుడూ అనుకొంటున్నాను.

బలరాముని పాత్రకు ఒప్పుకొన్న అబ్బాయి మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. "మాట తప్పినవాడని అందరూ తిడతారు సార్. అతని బాధ ఒక్క సీనులోనైనా రావాలి" అని పట్టుబట్టాడు. కలిగినవారి ఇంటికి కూతురిని ఇవ్వాలనుకోవడం పితృహృదయానికి అంత పరాయి కోరికా? మా ప్రాంతంలో పంటలు పోయిన ఏళ్లలో ఎన్ని మేనరికాలు మాట తప్పాయో పెద్దలను అడిగితే చెబుతారు. అందుచేత చివరన ఒక చిన్న రంగం చేర్చాం. వివాహమై వెళ్లిన వత్సల తండ్రికి లేఖ పంపుతుంది. దూత దానిని తెచ్చి బలరాముని చేతిలో పెడతాడు. ఆ తరువాత ఏం జరగాలి అన్న విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. విప్పాలని కొందరు, వింపోల్ వీధి తండ్రివలె విప్పకుండా త్రిప్పిపంపాలని కొందరు. రిహార్సళ్లలో ఒక రోజు విప్పాడు, ఒక రోజు త్రిప్పిపంపాడు.

వార్షికోత్సవం నాటి రాత్రి ఆ అబ్బాయి రెండూ చేయలేదు. లేఖను రెండు చేతులతో అందుకొని, అటూ ఇటూ త్రిప్పిచూసి, నెమ్మదిగా మడిచి ఉత్తరీయపు కొంగున ముడివేసుకొని లోపలికి వెళ్లిపోయాడు. తెర పడింది. రంగు కడుక్కొంటున్నప్పుడు అలా ఎందుకు చేశావని అడిగాను.

"పదిమంది ముందు ఎందుకు సార్? ఒంటరిగా ఉన్నప్పుడు చదువుకొంటాడు" అన్నాడు.

కఠిన పదాలు - అర్థాలు

ప్రచ్ఛన్నం : దాగినది, చాటున ఉన్నది
ఆంక్ష : కట్టుబాటు, అడ్డు
ప్రతినాయకుడు : నాయకునికి ఎదురు నిలిచే పాత్ర
ప్రామాణ్యం : నమ్మదగిన గుణం
ఉత్తరీయం : పై వస్త్రం

ప్రశ్నలు

1. లేఖలోని మాటకూ నోటి మాటకూ గల వ్యత్యాసాన్ని రచయిత ఎలా వివరించాడు? మీ అనుభవంలోని ఒక ఉదాహరణతో చర్చించండి.
2. బెసియర్ నాటకంలో రచయిత మెచ్చుకొన్న అంశమేది? సందేహించిన అంశమేది? ఆయన అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా?
3. 'సౌభద్రుని ప్రణయయాత్ర' అనే పేరులోని ఔచిత్యాన్ని తెలపండి.
4. ఎలిజబెత్ తండ్రి విప్పని ఉత్తరాలను అయిదేళ్లు దాచడానికి కారణం ఏమై ఉండవచ్చు? ఆయన స్వగతంగా పది వాక్యాలు వ్రాయండి. అవి మీ ఊహ అని తెలిసేలా వ్రాయండి.
5. సంధి విడదీసి పేరు తెలపండి : వార్షికోత్సవం, ఏకాభిప్రాయం, అభ్యంతరం.
6. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి : పితృహృదయం, మరణవార్త, నాలుగు గోడలు.